పక్కింటి వేపచెట్టు కొమ్మలు మా మేడమీదికి వచ్చాయి, మేమే కొట్టించుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: పక్కింటి వేపచెట్టు మీ మేడమీదికి వాలింది, ఆకు రాలి వాననీళ్ల గొట్టం పూడుకుపోతోంది, ఆ ఇంటాయనేమో "చెట్టు మీద చెయ్యేస్తే కేసు పెడతా" అంటున్నాడు. మనుషుల్ని పెట్టి మీరే కొట్టించొచ్చా, లేక హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకి చెబితే వచ్చి కొడతారా అని.

హద్దు దాటిన కొమ్మ వరకూ కొట్టించొచ్చు. దానికి భయపడనక్కర్లేదు. కానీ అక్కడితో మీ సమస్య తీరదు. ఎందుకో చెబుతాను, మా ఇంటి దగ్గర ఇదే గొడవ నడిచింది కాబట్టి.

ముందు చట్టం సంగతి. పక్కవాళ్ల చెట్టు కొమ్మ మీ స్థలం మీదికి వస్తే, వచ్చినంత మేర తీసేసుకునే హక్కు మీకుంది. ఇది ఇంగ్లండు నుంచి మన కోర్టులకు వచ్చిన సూత్రం. లెమన్, వెబ్ అనే ఇద్దరు పొరుగువాళ్లు కొట్టుకుని అప్పట్లో అక్కడి పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్తే, 1894లో అక్కడ తేలింది: తన స్థలంలోనే ఉండి కొట్టేవాడు ముందుగా నోటీసు కూడా ఇవ్వనక్కర్లేదు, కొమ్మ ఎన్నేళ్ల నుంచి అలా ఉన్నా సరే. కాబట్టి "ముప్పై ఏళ్ల నుంచి ఉంది, ఇప్పుడేం పుట్టింది మీకు" అనే మాట పనికిరాదు. అయితే మీ మనిషి ఆయన గోడెక్కి, ఆయన వాకిట్లో దిగి కొట్టకూడదు. కొట్టిన కట్టె ఆయనదే. కాయల చెట్టయితే కాయలూ ఆయనవే, మీ మేడమీదికి వేలాడినా. మామిడికాయల దగ్గర ఇది చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు గానీ, 1919లోనే ఇంకో ఇంగ్లిష్ కోర్టు ఆపిల్ పళ్ల విషయంలో తేల్చేసింది.

చెట్టు మొత్తం కొట్టడం మాత్రం వేరే కథ. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందుగా అనుమతి ఉండాలి, సొంత వాకిట్లో చెట్టయినా సరే, దరఖాస్తు అటవీ శాఖకు పెట్టుకోవాలి. అందుకని పక్కింటాయనతో వాదనలో "మొత్తం తీసేయండి, పీడా పోతుంది" అని నోరు జారకండి. అది ఆయన చేతిలో లేదు, పైగా ఆ మాటతో ఆయన మొండికేస్తాడు. వేర్ల దగ్గర యాసిడ్ పోయించమనీ, బెరడు చుట్టూ చెక్కేయమనీ సలహాలిచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. అలాంటి పని చేశారా, కేసు నిజంగానే మీ మీద పడుతుంది.

ఇక అసలు విషయం. వేప కొమ్మను మధ్యలో, అంటే సరిగ్గా గోడ గీత మీద నరికారనుకోండి. మొండెం మిగులుతుంది. వానలు పడగానే ఆ మొండెం చివర చీపురుకట్టలా చిగుళ్లు లేస్తాయి. రెండేళ్లలో ఇప్పుడున్న దానికంటే గుబురవుతుంది, పైగా ఆ కొత్త కొమ్మలు బెరడుకు పైపైన అంటుకుని ఉంటాయి, ఈదురుగాలికి అవే ముందు విరుగుతాయి. సరిగ్గా కొట్టాలంటే కొమ్మ కాండంలోంచి పుట్టేచోట కొట్టాలి. ఆ చోటు ఎక్కడుంది? ఆయన స్థలంలో. మీ హక్కు గోడ దగ్గర ఆగిపోతుంది, పడాల్సిన కోత గోడ అవతల ఉంది. హక్కు ఉందని తెలిసి కూడా నేను పక్కింటివాళ్లతో మాట్లాడే దారి పట్టింది అందుకే.

మాది మల్కాజిగిరి వైపు పాత కాలనీ, అన్నీ 200 గజాల ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. పక్కింటి అంకుల్ వేపచెట్టు కొమ్మలు రెండు మా సోలార్ గీజర్ మీదికి, ఇంకొకటి కరెంటు సర్వీసు తీగ మీదికి వచ్చాయి. ఫిబ్రవరిలో అడిగితే ఒప్పుకోలేదు. కారణం చెట్టు మీద ప్రేమో, మా మీద కోపమో అనుకున్నాం. అదేం కాదు. వాళ్లకు పైన రేకుల గది ఉంది, కొడుకూ కోడలూ అందులో ఉంటారు. "ఎండాకాలం ఆ నీడ లేకపోతే ఆ గదిలో ఉండలేరు బాబూ, వానలు పడ్డాక చూద్దాం" అన్నారు. ఆంటీ ఇంకో మాట కలిపారు: ఉగాది పచ్చడికి వీధిలో సగం ఇళ్లవాళ్లు ఆ చెట్టు పువ్వే కోసుకెళ్తారు, పండగ ముందు ఎలా కొట్టిస్తాం అని. అదీ నిజమే, మా అమ్మ కూడా అక్కడే కోసుకొస్తుంది.

నా భయం ఏప్రిల్, మే గాలిదుమారం గురించి. ఆయన భయం అదే నెలల ఎండ గురించి. అది తెలిశాక బేరం సులువైంది. ఉగాది వెళ్లగానే తీగ మీది కొమ్మ, గీజర్ మీది కొమ్మల్లో బరువైనదొక్కటి తీసేట్టు, పడమటి నీడనిచ్చే భాగం ముట్టుకోకుండా వదిలేట్టు, మిగతాది వానాకాలం వెళ్లాక చూసుకునేట్టు. కూలీ నేనిచ్చాను, కట్టె ఆయన ఉంచుకున్నారు.

మనిషిని ఎంచుకోవడం దగ్గర మాత్రం తొందరపడకండి. అడ్డా మీద గొడ్డలి పట్టుకుని కూర్చున్న ప్రతివాడూ చెట్టెక్కేవాడు కాదు. మాకు దొరికినతను ముందు కొమ్మకు మోకు కట్టి పై పంగలోంచి కిందికి వదిలాడు, కింద ఇంకొకడు పట్టుకున్నాడు. రంపంతో కొమ్మ అడుగున కొంచెం గాటు పెట్టి, దానికి జానెడు అవతల పైనుంచి కోశాడు. బరువుకు కొమ్మ విరిగినా బెరడు కాండం దాకా చీరలేదు, మోకు మీద మెల్లగా సందులోకి దిగింది. ఆ తర్వాత మిగిలిన మొద్దును కోశాడు, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ముడత మాత్రం వదిలేసి. అంకుల్ అది కూడా నున్నగా చెక్కేయమంటే "అట్ల జేస్తే గాయం మానది సార్, పుచ్చువడ్తది" అన్నాడు. వంద మాటల కంటే ఆ ఒక్క మాటతో అంకుల్‌కు ధైర్యం వచ్చింది. గూళ్లున్నాయేమో కూడా ముందు చూసుకోండి, కాకి గూడు జోలికి వెళ్తే నెత్తిన తన్నులు తప్పవు.

తీగకు దగ్గర్లో ఉన్న కొమ్మయితే కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి కరెంటు తీశాకే ఎవరైనా ఎక్కాలి. పచ్చి వేపకొమ్మ తడిగా ఉంటుంది, తీగకు తగిలితే ఎక్కినవాడు బతకడు. ఇందులో మొహమాటం వద్దు.

జీహెచ్‌ఎంసీ గురించి: రోడ్డు పక్క చెట్లయితే వాళ్ల బయోడైవర్సిటీ విభాగం చూస్తుంది. ఇంటి లోపలి చెట్టుకు ఆకు రాలుతోందని ఫిర్యాదు చేస్తే మాకైతే "మీరూ మీరూ మాట్లాడుకోండి" అనే జవాబే వచ్చింది. పోలీసు స్టేషన్లోనూ ఇది సివిల్ తగాదా అనే అంటారు.

చెట్టు నిజంగా పడేలా ఉంటే, అంటే మొదలు డొల్లయినా, మీ ఇంటివైపు ఒరిగినా, అప్పుడు దారి వేరు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 133) కింద ఆర్డీవోకు అర్జీ పెట్టవచ్చు. పడి మనుషులకు దెబ్బ తగిలేలా ఉన్న చెట్టును తీయమనో, ఊతం పెట్టమనో ఆయన యజమానికి ఉత్తర్వు ఇవ్వగలరు. ఫొటోలు తేదీలతో ఉంచుకోండి. ఒక మాట: వేప ఎండినట్టు కనబడగానే చచ్చిందనుకోకండి. 2021లో కొమ్మల చివర్లు మాడే తెగులు వచ్చి నగరమంతా వేపచెట్లు ఎండిపోయినట్టే కనిపించాయి, చాలావాటికి తర్వాత మళ్లీ చిగురొచ్చింది.

ఆయన దేనికీ దిగిరాకపోతే లాయరు నోటీసుకు ముందు మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో (హైదరాబాద్ జిల్లా అయితే పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో) అర్జీ ఇవ్వండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాసుకున్న రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. ఆ రాజీలో "కొమ్మలు కొట్టుకోవచ్చు" అని ఊరికే రాయించకండి. ఏయే కొమ్మలు, ఏ నెలలో, మనిషి ఎవరి వాకిట్లోంచి ఎక్కాలి, కూలీ ఎవరిది అనేవి రాయించండి. కొట్టిన ఆకూ రెమ్మల సంగతి కూడా. చెత్త ఆటోవాళ్లు మా దగ్గర వాటిని ఎక్కించుకోలేదు, విడిగా ట్రాలీ మాట్లాడుకోవాల్సి వచ్చింది.