ఆ పుండుకు కట్టు కట్టే ముందు

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి మళ్లీ మళ్లీ చూశాను. చీలమండకు కాస్త పైన, లోపలివైపు, తడితడిగా ఉంది పుండు, చుట్టూ చర్మం గోధుమ రంగుకు తిరిగింది. ముప్ఫై ఏళ్లు కాచిగూడలో కౌంటర్ వెనక నిలబడ్డ కాలు కదా మీ నాన్నది, పిక్క మీద నరాలు కూడా ఉబ్బి ఉన్నాయి, కాబట్టి రక్తం పైకి ఎక్కలేక కిందే నిలిచిపోయి వచ్చిన పుండనే నాకనిపిస్తోంది. అయినా సరే, మెడికల్ షాపులో క్రేప్ బ్యాండేజ్ కొని బిగించి కట్టెయ్యకు.

రక్తం కిందికి సరిగ్గా దిగక వచ్చే పుండు వేరే ఉంటుంది. అది వేళ్ల కొసల్లోనో మడమ మీదో, కాగితానికి పంచ్ కొట్టినట్టు గుండ్రంగా, పొడిగా ఉంటుంది. పాదం చల్లగా ఉంటుంది, రాత్రి నొప్పికి నిద్ర పట్టదు, కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త నెమ్మదిస్తుంది. దానికి బిగువు కట్టు కడితే వచ్చే కాస్త రక్తమూ ఆగిపోతుంది. నేను డ్రెస్సింగ్ రూమ్‌లో పనిచేసేటప్పుడు, బయట ఎక్కడో గట్టిగా కట్టించుకొని వచ్చిన ఒక పెద్దాయన కట్టు విప్పితే రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. తీసేయాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ పాదం నా కళ్లముందే ఉంది.

అందుకే ముందు డాప్లర్ పరీక్ష, అంటే శబ్ద తరంగాలతో రక్త ప్రవాహం చూసేది. చీలమండ దగ్గర బీపీ, చేతి దగ్గర బీపీ చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. 0.9 నుంచి 1.3 దాకా ఉంటే రక్తం బాగానే దిగుతున్నట్టు. 0.8 లోపు వస్తే పూర్తి బిగువు కట్టు వద్దు, 0.5 లోపు వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకు. మీ నాన్నకు షుగర్ ఉంది కదా, రక్తనాళాలు గట్టిపడి అంకె ఎక్కువగా, బాగున్నట్టుగా వచ్చే అవకాశం ఉంది, అప్పుడు బొటనవేలి ప్రెషర్ కూడా చూడమని అడుగు. పంజగుట్ట నిమ్స్‌లో రక్తనాళాల జబ్బులు చూసే వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది, పొద్దున్నే ఓపీకి తీసుకెళ్లు.

రక్తం బాగా దిగుతోందని తేలితే ఇక ఆ బిగువు కట్టే దీనికి అసలు మందు. వేళ్ల మొదళ్ల నుంచి మోకాలి కిందిదాకా పొరలు పొరలుగా, చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల ఒత్తిడితో (బీపీ కొలిచే లెక్కే), పిక్క వైపు పోయేకొద్దీ కాస్త వదులుగా కడతారు. నేర్చుకున్నవాళ్లే కట్టాలి. వేళ్లు తిమ్మిరెక్కినా నీలంగా మారినా వెంటనే విప్పెయ్. పడుకున్నప్పుడు కాలి కింద దిండ్లు పెట్టి గుండె కన్నా ఎత్తులో ఉంచు, కానీ నడక మాన్పించకు, పిక్క కదిలితేనే రక్తం పైకెక్కేది. ఉబ్బిన నరాలకు లేజర్ చెయ్యాలంటే పుండు మానేదాకా ఆగక్కర్లేదు, డాక్టర్‌ని ముందే అడుగు.

పసుపు, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎవరో చెప్పిన పొడులు ఏవీ వద్దు. కాచి చల్లార్చిన నీళ్లతో కడిగితే చాలు. ఎరుపు పాకుతుంటేనో, చీమూ జ్వరమూ వస్తేనో తప్ప యాంటీబయాటిక్ అక్కర్లేదు. వారానికొకసారి పక్కన స్కేలు పెట్టి ఫొటో తియ్యి. నాలుగు వారాల్లో పుండు బాగా చిన్నదవ్వాలి, మూడు నెలలైనా మానకపోయినా, అంచులు లేచి గట్టిపడినా, ముక్క తీసి పరీక్ష చెయ్యమను.

మానిన తర్వాత కూడా పొద్దున మంచం దిగకముందే కాలిని బిగువుగా పట్టి ఉంచే స్టాకింగ్స్ వేసుకోవాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. షాపులో కౌంటర్ వెనక ఒక స్టూలు వేయించు.

సోమవారం నిమ్స్‌కి వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టులు పట్టుకెళ్లు, అంకె ఎంతొచ్చిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ