పాములు పెంచి అమ్ముతానంటున్న కొడుకు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. వెటర్నరీకి చదవమంటే, బాల్ పైథాన్‌లను (ఆఫ్రికాకు చెందిన చిన్నపాటి కొండచిలువలను) పెంచి పిల్లలను అమ్ముతానంటున్నాడు. తెలిస్తే నలుగురూ నవ్వుతారేమోనని బెంగగా ఉంది. కలిసివస్తుందని ఇంట్లో పెంచుతున్న నక్షత్ర తాబేలును చూసే ఈ పిచ్చి పట్టిందేమో. రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీరు అడిగింది ఏది మేలని, ఉత్తరం నిండా ఉన్నది మాత్రం నలుగురూ నవ్వుతారేమోనన్న బెంగ. పాములంటే ఇష్టపడే పిల్లవాడు చెడిపోయినట్లు కాదు. ఆ ఇష్టం నిలకడైనదైతే అతణ్ణి చదివించేది కూడా అదే.

అయితే ఆ వ్యాపారం మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఆడ బాల్ పైథాన్ ఒక విడతలో సాధారణంగా పెట్టేది నాలుగు నుంచి ఆరు గుడ్లు, అదీ ఏటా పెడుతుందన్న నమ్మకం లేదు. వాటిని అటూ ఇటూ తిప్పకుండా 31–32 డిగ్రీల వద్ద సుమారు రెండు నెలలు ఉంచాలి. విదేశీ వీడియోలు వెచ్చదనం ఎలా అందించాలో చెబుతాయి గానీ, మే నెలలో కర్నూలులో కరెంటు పోతే గదిని ఎలా చల్లబరచాలో చెప్పవు. పుట్టిన పిల్లల్లో కొన్ని మొదట్లో ఎరను ముట్టనే ముట్టవు. సరిగా చూసుకుంటే ఆ పాము 20 ఏళ్లకు పైగా బతుకుతుంది కనుక, కొన్నవాడి మోజు తీరాక దాని గతి ఏమిటన్నది అమ్మేవాడే ముందుగా ఆలోచించాలి. గిరాకీ ఉన్న రంగుల్లో ‘స్పైడర్’ అనే రకానికి తల అదుపు తప్పి ఊగే లోపం ఆ జన్యువుతోపాటే వస్తుంది. తెలిసి తెలిసీ దానిని జత కట్టించడం బాధ్యత గల పెంపకం కాదు. పైగా 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితా జీవులను కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, వాటికి పుట్టిన పిల్లల వివరాలనూ తెలపాలి.

ఇక మీ సంగతి. నక్షత్ర తాబేలు అదే చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, అంటే అత్యధిక రక్షణ ఉన్నది. దానిని ఇంట్లో ఉంచుకోవడం మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష పడగల నేరం. అదృష్టం పేరుతో మీరు నేరం చేస్తూ, కొడుకుది పిచ్చి అనడం ఏం న్యాయం? తోచిన చోట వదిలేయకండి, ఎవరికీ ఇవ్వకండి. నేరుగా అటవీశాఖకు అప్పగించండి.

వెటర్నరీ అంటారా, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తిరుపతిలో చదివినా మరెక్కడ చదివినా ఎక్కువ భాగం పశువులూ కోళ్లే ఉంటాయి. సరీసృపాల వైద్యాన్ని ఆ తర్వాత పట్టుబట్టి నేర్చుకోవాలి. కానీ సరైన కాంతి అందక ఎముకలు మెత్తబడిన ఇగువానాను (పెంపుడు పెద్ద బల్లిని) తెచ్చేవారికి ఆ వైద్యం తెలిసిన డాక్టరు దొరకడమే కష్టం. అందుకే నా మొగ్గు అటే. అబ్బాయిని ఈ సెలవుల్లో మహాబలిపురం దగ్గర మొసళ్లు, ఇతర సరీసృపాలను సంరక్షించే మద్రాస్ క్రోకడైల్ బ్యాంకుకు తీసుకెళ్లి, అక్కడి సిబ్బందిని వారి రోజువారీ పని గురించి అతణ్ణే అడగనివ్వండి. మీరు పక్కన నిలబడి వినండి.