గోల్ఫ్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 63. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, మణికొండలో ఉంటున్నాం. మా అల్లుడితో కలిసి కొత్తగా గోల్ఫ్ నేర్చుకుంటున్నాను. ఓ పాతిక బంతులు కొట్టేసరికి నడుం పట్టేస్తోంది. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, గ్యాస్ మాత్ర ఇచ్చారు. ఆడే రోజు పొద్దున్నే వేసుకుని వెళ్తే హాయిగా ఉంటోంది. పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్‌లో నీటి మాత్ర కలిసినది వాడుతున్నాను. ఈ మధ్య రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది, వయసు వల్ల కాబోలు. బంతి ఇంకా దూరం పోవాలంటే ఏ వ్యాయామాలు చేయాలి? ప్రోటీన్ పౌడర్ వాడొచ్చా?

జవాబు: రిటైరయ్యాక కొత్త ఆట మొదలుపెట్టినందుకు సంతోషం. మీరు ఆడాలనే నా కోరిక కూడా. కానీ "వయసు వల్ల కాబోలు" అని ఒక్క ముక్కలో దాటేశారే, నాకు ముందు ఆ ఆయాసం సంగతి తేలాలి.

ఇన్నేళ్లుగా షుగర్ ఉన్నవారిలో గుండెకు రక్తం చాలకపోయినా ఛాతీ నొప్పి రావాలని లేదు. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే చెమటలు పట్టడం, పై పొట్టలో బిగుతు, ఇంతవరకే ఉండొచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇది గుండె జబ్బేనని అనను. రక్తహీనత కావచ్చు, ఊపిరితిత్తుల సమస్య కావచ్చు. ఏదైనా, కొత్తగా మొదలైన ఆయాసాన్ని వయసు ఖాతాలో వేయకండి. ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. పడుకోబెట్టి తీసే ఈసీజీ నార్మల్‌గా వచ్చిందని సరిపెట్టుకోవద్దు. ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) అవసరమా అని అడగండి. నయా ఖిలా గోల్ఫ్ కోర్సయినా, గచ్చిబౌలిలోనైనా 18 హోల్స్, అంటే పూర్తి ఆట, నడిచి ఆడితే ఎనిమిది కిలోమీటర్ల పైమాటే, నాలుగైదు గంటల పని. డాక్టరు సరే అనేవరకు ఆట ఆపండి. ఈలోగా ఛాతీ బిగిసినట్టున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ మాత్ర. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు, ఎందుకంటే ఇలాంటివాళ్లు ఓపీలో రోజూ కనిపిస్తారు. చిన్న కాగితం కవర్లో రెండు మూడు మాత్రలు తెచ్చి చూపిస్తారు. షీటును కత్తెరతో ముక్క చేసి ఇవ్వడంతో పేరు సగమే ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ అసలే ఉండదు. ఏం వాడుతున్నారో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. మీకు కనీసం పేరు తెలుసు, అది నయం.

మీరు వాడే బీపీ మాత్ర కిడ్నీ వడపోత గదుల్లోంచి బయటికి పోయే రక్తనాళాన్ని వదులు చేస్తుంది. నీటి మాత్ర ఒంట్లో ఉప్పునూ నీటినీ తగ్గిస్తుంది. ఈ రెండూ మీకు మేలు చేసేవే. వీటికి డైక్లోఫెనాక్ తోడైతే లోపలికి వచ్చే నాళం ముడుచుకుంటుంది, వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. పైగా ఎండలో గంటల తరబడి చెమట. షుగర్ ఉన్న కిడ్నీకి ఇంత పరీక్ష పెట్టకూడదు. ఈ నొప్పి మాత్రే బీపీని పెంచగలదు, గుండెపోటు ముప్పునూ పెంచుతుంది. మీ ఆయాసం సంగతి తేలకముందు అది నాకు మరీ భయం. గ్యాస్ మాత్ర కలిపి ఇచ్చారు కదా అంటారేమో. అది కాపాడేది కడుపును, కిడ్నీని కాదు. నొప్పి తెలియకపోవడం వల్ల పాతిక బంతులతో ఆగాల్సిన నడుంతో వంద కొట్టిస్తున్నారు, అదొకటి.

కాబట్టి డైక్లోఫెనాక్ ఆపేయండి. నొప్పి ఉన్న రోజు వేడి కాపడం పెట్టుకోండి, పారాసిటమాల్ వాడొచ్చేమో మీ డాక్టరును అడగండి. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానొద్దు. కిడ్నీల కోసం సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కంటి రెటీనా పరీక్ష చేయించండి. కాలిలోకి నొప్పి పాకుతున్నా, తిమ్మిరి, బలహీనత ఉన్నా ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోండి. మూత్రం పట్టు తప్పితే ఆ రోజే వెళ్లాలి.

అన్నీ బాగున్నాయంటే అప్పుడు వ్యాయామం. స్వింగ్‌లో తిరగాల్సింది తుంటి కీళ్లు, వీపు పైభాగం. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్నవారికి అవి బిగుసుకుపోయి ఆ మెలి అంతా నడుం మీద పడుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర ఆ రెండింటి కదలిక, పిరుదుల బలం పెంచే వ్యాయామాలు నేర్చుకోండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, గోడకు పుషప్స్, వెల్లకిలా పడుకుని నడుం పైకి లేపడం, వారానికి రెండు మూడు రోజులు చాలు. ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తొద్దు. నడక అరగంట చొప్పున వారానికి ఐదు రోజులకు మెల్లగా పెంచండి. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, తొందరపడకండి. కోర్సులో ముందు పటింగ్ (బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించడం), దగ్గరి షాట్లు, సగం స్వింగ్. దూరం కొట్టే పొడుగు కర్ర, డ్రైవర్, చివరికి. బ్యాగు భుజాన వేసుకోకుండా ట్రాలీ తీసుకోండి.

గ్లిమెపిరైడ్ వేసుకుని టిఫిన్ తినకుండా పొద్దున్నే వెళ్లొద్దు, దారిలో షుగర్ పడిపోతుంది. జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి, మీ అల్లుడికీ చెప్పి ఉంచండి. ఆట అయ్యాక ఇంటికొచ్చి పాదాలు చూసుకోండి, షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉంటే కొత్త బూట్లు పొక్కులు చేసినా మీకు తెలియకపోవచ్చు.

ప్రోటీన్ పౌడర్ ఇప్పుడే వద్దు. పప్పు, పెరుగు, గుడ్డు మీరు రోజూ తినేంత తినండి. డబ్బా కొనేసి ఉంటే మూత తీయకుండా పక్కన పెట్టి, క్రియాటినిన్, అల్బుమిన్ రిపోర్టులు మీ డాక్టరుకు చూపించి అప్పుడు అడగండి.