ఆప్షన్లు పెట్టే ముందే కాలేజీ చూసి రా

అమ్మణ్ణీ,

ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిందనీ, హాస్టల్లో ఉండి చదువుతానని పట్టుబట్టావనీ మీ నాయన ఫోన్ చేసినాడు. మనిండ్లలో ఆడపిల్ల ఊరు దాటి ఇంజనీరింగుకు పోవడం నీతోనే మొదలు. సంతోషమూ దిగులూ రెండూ కలిసి నిద్ర పట్టనియ్యలేదు. హాస్టల్ వార్డెన్‌గా చేసినదాన్ని గదా, మీ నాయన కంట పడనివి కొన్ని నా కంట పడతాయి. అందుకే ఈ జాబు.

ఫీజెంత, ఇంజనీరింగు కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ అనుమతి ఉందా అనేవి ఇంట్లో కూర్చొనే చూసుకోవచ్చు. చదువు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం కాలేజీ మొత్తానికి ఇయ్యరు, కోర్సు కోర్సుకూ విడిగా ఇస్తారు. నీ బ్రాంచికి ఉందో లేదో చూడు. మిగతాదంతా పోయి చూడాల్సిందే, అదీ కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని వెబ్ ఆప్షన్లు పెట్టకముందే.

తల్లిదండ్రులు ఏండ్ల తరబడి చేస్తున్న తప్పు ఒకటుంది. అడ్మిషన్ల రోజుల్లో పోతారు. అప్పటికి నాలుగు వానలు పడి గేటు కాడ గడ్డి పచ్చగా ఉంటుంది. ఏసీ సెమినార్ హాలు చూపించి, కాఫీ ఇచ్చి పంపిస్తారు. 'క్యాంపస్ బ్రహ్మాండం' అనుకుంటూ ఇల్లు చేరతారు. హాస్టల్ బాత్‌రూమ్‌లో కొళాయి తిప్పి చూసినవాళ్లు ఎవరూ ఉండరు. మన అనంతపురం జిల్లా దేశంలోనే వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో, సరిగ్గా పరీక్షలప్పుడు, బోర్లు ఎండిపోతాయి. పొద్దున్నే బకెట్లు పట్టుకొని వరసలో నిలబడే పిల్ల ఇంక ఏం చదువుతుంది?

కాబట్టి ముందు నీళ్ల సంగతి తేల్చుకో. బోరా, మున్సిపల్ కొళాయా, ట్యాంకరా అని ఆఫీసులో అడగొద్దు, హాస్టల్ ఊడ్చే అమ్మను అడుగు. కొళాయి మూతిని గోటితో గీకు. తెల్లగా, గరుగ్గా పెచ్చు రాలితే అవి ఉప్పునీళ్లు. తాగే నీళ్లకు ఆర్.ఓ. ఉందంటారు. ఫిల్టర్ ఎప్పుడు మార్చినారో మిషన్ మీద రాసి ఉందేమో చూడు. మనవైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంకో మాట, జనరేటర్ ఉందా అని అడిగి ఊరుకోకు. కరెంటు పోతే హాస్టల్ నీళ్ల మోటారు దాని మీద నడుస్తుందా, ఆఫీసు ఏసీలే నడుస్తాయా అని అడుగు. మోటారు నడవకపోతే సంపులో నీళ్లుండి కూడా మిద్దె మీది ట్యాంకు ఎక్కవు. ఎంతమందికి ఒక బాత్‌రూమో నువ్వే లెక్కపెట్టు.

మెస్‌లో ఆదివారం తినొద్దు, ఆ రోజు చికెన్ ఉంటుంది. మామూలు రోజు టోకెన్ కొని సాంబారు, మజ్జిగ రుచి చూడు.

ఇంక ఊరి సంగతి. అనంతపురం జేఎన్‌టీయూ ఊళ్లోనే ఉంది, పెన్ను కావాలన్నా డాక్టరు కావాలన్నా ఆటో దూరమే. కర్నూలు ట్రిపుల్ ఐటీ ఊరి బయట జగన్నాథగట్టు మీద ఉంది. కడపలో యోగి వేమన యూనివర్సిటీ పులివెందుల దోవలో ఉంది. దూరంగా ఉందని కాలేజీని వద్దనుకోవాల్సిన పనిలేదు. రాత్రి ఎనిమిదికి జ్వరమొస్తే ఎవరు ఏ బండిలో తీసుకుపోతారో మాత్రం తెలుసుకో. చీకటి పడినాక ఆర్టీసీ బస్టాండు నుంచి కాలేజీ దాకా ఒకసారి రా, మీ నాయన్ను వెంట పెట్టుకొనే.

నాకు అన్నిటికన్నా భయం హైవే. 44 నంబరు రోడ్డు కర్నూలు మీదుగా, అనంతపురం మీదుగా పోతుంది. దాని పక్కన కాలేజీలు చానా ఉన్నాయి. బస్సు అవతలి వైపు ఆపితే పిల్లలు డివైడర్ దాటి పరిగెత్తుతారు. అండర్‌పాస్ ఉందా, ఉంటే ఎంత దూరం, దాంట్లో లైట్లు వెలుగుతాయా అని చూడు. అండర్‌పాస్ లేని కాలేజీని ఆప్షన్లలో కిందికి జరుపు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించొద్దు.

ల్యాబ్‌లో కంప్యూటర్లు ఎన్నో లెక్కపెట్టడం దండగ. లాగ్ రిజిస్టర్‌లో కిందటి వారం సంతకాలు ఉన్నాయో లేదో చూపించమను. సాయంత్రం కాలేజీ బస్సులు కదిలినాక లైబ్రరీకి పో. అప్పుడు కూడా లైట్లు వేసి ఉండి, పదిమంది చదువుకుంటూ ఉంటే ఆ కాలేజీకి ఒక మార్కు ఎక్కువెయ్యి.

ఇన్‌స్టాలో డ్రోన్ వీడియో చూసి కాలేజీ నచ్చిందన్నావంట. డ్రోన్‌కు దాహమెయ్యదు తల్లీ, నీకేస్తుంది. 1937లో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో మన పెద్దలు అనంతపురానికి యూనివర్సిటీ కేంద్రం కావాలని రాయించుకున్నారు. కృష్ణదేవరాయ యూనివర్సిటీ వచ్చింది 1981లో. మీ అమ్మా నేనూ పెరిగే కాలానికి చేతికి అందేంత దూరంలో కాలేజీలు ఇన్ని లేవు. నీకు ఏరుకొనే అవకాశం వచ్చింది, బాగా ఏరుకో.

సీటు వచ్చినాక ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచమంటే ఒప్పుకోవద్దు. సరిచూసి తిరిగి ఇయ్యాలని యూజీసీ చెప్పింది. ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522, ఫోన్లో సేవ్ చేసుకో.

శని, ఆదివారాలు కాకుండా పనిదినాన పోండి. మీ నాయనకు సెలవు దొరక్కపోతే నాకు చెప్పు, నేనొస్తా. హాస్టల్ గదిలో అల్మరా కొలత కూడా తీసుకొని రా, దానికి సరిపడే ట్రంకుపెట్టె ఇక్కడ చేయిస్తా.

మీ పెద్దమ్మ