పుస్తకం దాచేయమంటారా అని అడిగిన విజయవాడ పటమట తల్లికి

పుస్తకం జోలికి వెళ్లకండమ్మా. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న పాతికేళ్ల పిల్ల మేనత్త కొడుకుని వద్దందంటే, దానికి కారణం జేన్ ఆస్టెన్ 1813లో అచ్చు వేయించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల కాదు.

ఆ నవల్లో కథానాయిక ఎలిజబెత్‌ని చూసే మీ అమ్మాయికి పెద్దలంటే లెక్క లేకుండా పోయిందని రాశారు. అక్కకు ఒంట్లో బాగాలేదని తెలిసి మూడు మైళ్లు బురదలో నడిచి వెళ్లిన పిల్ల ఆమె! కాకపోతే, తండ్రి తర్వాత ఇల్లూ పొలాలూ ఎవరికి పోతాయో ఆ కాలిన్స్, బంధువే, వచ్చి అడిగితే చేసుకోనంది. తల్లి నెత్తీ నోరూ బాదుకుంది, తండ్రి కూతురి పక్కన నిలబడ్డాడు. (ఆయన గొప్ప తండ్రేమీ కాదు, చిన్న కూతురి విషయంలో ఎలిజబెత్ ముందే హెచ్చరించినా వినక పరువు మీదికి తెచ్చుకున్నాడు.) ఇప్పటి ఆడపిల్లలకు ఆమె ఎందుకంత ఇష్టమంటే ఆమె చివరికి పెళ్లాడిన డార్సీ డబ్బు వల్ల అనుకుంటారు చాలామంది. ఏడాదికి పదివేల పౌండ్ల రాబడి ఉన్న ఆ డార్సీని కూడా మొదటిసారి మొహం మీదే కాదంది కదా. వద్దు అన్నాక కూడా ఆమెకు నాన్న మిగిలాడు చూడండి, మన పిల్లల్ని కట్టిపడేసేది అదీ.

మీరు ఉత్తరం చివర్న ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి నన్ను నిలవనివ్వలేదు. మీ వారు నాలుగు నెలలుగా కూతురితో మాట్లాడటం లేదు. రోజూ పొద్దున్నే స్కూటర్ మీద బస్టాండులో దింపే మనిషి ఇప్పుడు పేపర్లోంచి తల ఎత్తడం లేదు, పిల్ల ఆటో ఎక్కి పోతోంది, ‘కరెంటు బిల్లు కట్టిందేమో కనుక్కో’ అని పక్క గదిలో ఉన్న కూతురికి మీతో కబురు పంపుతున్నారు. చెల్లెలికి మాట ఇచ్చానంటారు, సరే, పిల్లని అడిగి ఇచ్చారా? అడగకుండా ఆడపిల్ల పెళ్లికి మాట ఇచ్చే హక్కు కన్నతండ్రికి కూడా లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు.

మీరు ఆ కబుర్లు మోయడం ఇవాళే మానేయండి. ‘అడగాల్సింది ఉంటే మీరే వెళ్లి అడగండి’ అనండి, కోప్పడితే పడనివ్వండి. గుంటూరు ఆడపడుచుకి ఫోను కూడా మీరు చేయొద్దు, పిల్ల చేత అస్సలు చేయించొద్దు. మాట ఇచ్చింది ఆయన, ‘మా అమ్మాయికి ఇష్టం లేదమ్మా’ అని చెల్లెలికి చెప్పాల్సిందీ ఆయనే.