జర్నల్ నుంచి జవాబు వచ్చేలోగా

శ్రీకాకుళం

అమ్మా,

నీ మెయిల్ చూశాను. పొందూరు ఖద్దరు మీద పరిశోధన పేపర్ జర్నల్‌కి పంపి నాలుగు నెలలైందని, స్టేటస్ ఇంకా 'అండర్ రివ్యూ' దగ్గరే ఉందని, లేవగానే అదే చూస్తున్నానని రాశావు. ఎచ్చెర్ల యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎవరు కనిపించినా "ఏమైంది" అని అడుగుతుంటే టెన్షన్ పెరగదూ మరి!

అసలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. పేపర్ ముందు ఎడిటర్ చూస్తారు. తమ జర్నల్‌కి నప్పదనుకుంటే మామూలుగా తొలి వారాల్లోనే తిప్పి పంపేస్తారు. నీది ఆ గడప దాటింది. ఇక దాన్ని చదివి మంచిచెడ్డలు చెప్పే రివ్యూయర్లు, ఆ విషయం తెలిసినవాళ్లు, ఇద్దరు ముగ్గురు దొరకాలి. ఈ పనికి వాళ్లకి సాధారణంగా పైసా రాదు. తమ క్లాసులు, దిద్దాల్సిన పేపర్లు అయ్యాక చదవాలి. కొందరు కుదరదంటారు, ఒప్పుకున్నవాళ్లు గడువు దాటించేస్తారు. చేతివడుకు గురించి లోతుగా తెలిసినవాళ్లయితే మరీ తక్కువ. కాబట్టి స్టేటస్ కదలనంత మాత్రాన నీ పేపర్ బాగోలేదని కాదు. రోజూ చూడటం మానెయ్.

"వారంలో అచ్చు వేస్తాం, ఫీజు కట్టండి" అంటూ వచ్చే మెయిళ్ల జోలికి మాత్రం పోకు. ఒకచోట నిర్ణయం తేలకుండా అదే పేపర్ ఇంకోచోటికి పంపడం తప్పు. తెలిస్తే రెండుచోట్లా పోతుంది. పీహెచ్‌డీకి జర్నల్ పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ రూలేమిటో గైడుని అడిగి, ఆ భయం ఒకటి వదిలించుకో.

నా మాట విని ఇంకోసారి పొందూరు వెళ్లు. వలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వే భాగం ఎంతో బాగా రాశావు. ఆ సన్నని పళ్లు గింజను అంటుకున్న దూదిని ఎలా సాపు చేస్తాయో కళ్లకు కట్టింది. కానీ ఆ దవడ ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతకి కొంటారు, ఎన్నాళ్లు పనికొస్తుంది? అవేవీ లేవు. దువ్వేదీ వడికేదీ ఆడవాళ్లేనని నువ్వే రాశావు. ఒక చిలప (చుట్ట) నూలుకి వడికే ఆమె చేతికి ఎంత ముడుతుందో ఒక్క వాక్యమైనా లేదే! రివ్యూయర్ అడిగినా అడగకపోయినా, అది లేకుండా ఈ పేపర్ నిండదు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకురా.

ఒకవేళ వద్దన్నా కుంగిపోకు. 1964లో భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ పేపర్‌ని ఒక జర్నల్ వద్దంది. ఆయన కొంత కలిపి వేరేచోటికి పంపారు. ఇప్పుడు అందరూ ఆయన పేరుతో చెప్పుకునే హిగ్స్ బోసాన్ కణం ప్రస్తావన, ఆ కలిపిన భాగంలోదే.

జర్నల్ చెప్పిన గడువు దాటితే ఎడిటర్‌కి రాయి. పేపర్ నంబరు, శీర్షిక, పంపిన తేదీ, ఏ దశలో ఉందన్న ప్రశ్న, అంతే. నిష్ఠూరాలు వద్దు, బతిమాలడమూ వద్దు.

మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని వస్తే కంగారుపడకు, తలుపు తెరిచే ఉందన్నమాట. ఆ రోజే జవాబు రాయకు. రెండు రోజులాగి, ఒక్కో కామెంట్ కింద ఏం మార్చావో, ఏ పేజీలోనో రాయి. ఒప్పుకోనిచోట ఎందుకో మర్యాదగా చెప్పు. చిత్తుప్రతి నాకు పంపు, ఆదివారం కూర్చుని చదువుతాను.

ఆశీస్సులతో