ఆవేశం లేని న్యూట్రాన్ ఏమి చెబుతుంది?

ప్రశ్న: టోపోలాజికల్ అర్ధలోహాలలోని అయస్కాంత ఉత్తేజాలను న్యూట్రాన్ పరిక్షేపణంతో (న్యూట్రాన్లను పదార్థంపైకి పంపి, అవి చెదిరే తీరును చూసే పద్ధతితో) పరిశీలిస్తారని తరగతిలో విన్నాను. ఈ పదార్థాల విశేషమంతా ఎలక్ట్రాన్లలోనే ఉంది కదా! విద్యుదావేశమే లేని న్యూట్రాన్ వాటి గురించి ఏమి చెప్పగలదు?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అడగవలసిన ప్రశ్నే అడిగారమ్మా. టోపోలాజికల్ అర్ధలోహాల్లో ఒక రకమైన వెయిల్ అర్ధలోహంలో రెండు శక్తి పట్టీలు, అంటే ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల శ్రేణులు, కొన్ని బిందువుల వద్ద మాత్రమే కలుసుకుంటాయి. వీటినే వెయిల్ బిందువులు అంటారు. ఆ బిందువుల దగ్గర ఎలక్ట్రాన్లు, 1929లో హెర్మన్ వెయిల్ రాసిన సమీకరణం ప్రకారం, ద్రవ్యరాశి లేని కణాల్లా ప్రవర్తిస్తాయి. ఆ పట్టీలను న్యూట్రాన్ నేరుగా చూడలేదు. 2015లో టాంటలమ్ ఆర్సెనైడ్‌లో వాటిని గుర్తించింది కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి రప్పించే పద్ధతిలోనే.

అయితే న్యూట్రాన్‌కు ఆవేశం లేకపోయినా అయస్కాంత భ్రామకం ఉంది, అంటే అది ఒక బుల్లి అయస్కాంతం కనుక, స్ఫటికంలోని స్పిన్‌ల (పరమాణువుల్లోని ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాల) కదలిక దానికి తెలుస్తుంది. తెనాలి దారిలో వెన్ను వేసిన వరిచేను మీదుగా గాలి వీచినప్పుడు ఏ దుబ్బూ తన చోటు విడవదు, వంపు మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు సాగిపోతుంది; స్పిన్ తరంగం కూడా అటువంటిదే. రియాక్టర్‌లో గది ఉష్ణోగ్రత స్థాయికి నెమ్మదించిన న్యూట్రాన్‌కు తరంగదైర్ఘ్యం సుమారు 1.8 ఆంగ్‌స్ట్రాములు, శక్తి సుమారు 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. పరమాణువుల మధ్య దూరాలూ, స్పిన్ తరంగాల శక్తులూ ఇంచుమించు ఈ కొలతలోనే ఉంటాయి. అదే తరంగదైర్ఘ్యం గల ఎక్స్-కిరణపు శక్తి దాదాపు 7 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. అంత శక్తిలో కొద్ది మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల తేడాను పసిగట్టడం ఎంత కష్టమో మీరే ఊహించగలరు.

ఇక అసలు సంగతికి వస్తాను. అయస్కాంత అర్ధలోహంలో స్పిన్‌లు ఒరిగితే వెయిల్ బిందువులు కూడా జరుగుతాయి. ఆ జరుగుబాటు తిరిగి స్పిన్ తరంగపు శక్తి మీదా, ఆయుష్షు మీదా ప్రభావం చూపుతుంది. స్ట్రాన్షియం రుథెనేట్ సుమారు 160 కెల్విన్ల దిగువన ఫెర్రో అయస్కాంతం. మామూలు అయస్కాంతమైతే, చల్లబరిచే కొద్దీ స్పిన్ తరంగం మొదలవడానికి కావలసిన కనీస శక్తి క్రమంగా పెరుగుతూ పోవాలి. ఇందులో అది అలా ఒకే దిశలో సాగలేదు. ఆ తీరుకూ, అసాధారణ హాల్ ఫలితానికీ (అయస్కాంతంలో విద్యుత్ ప్రవాహానికి అడ్డంగా వోల్టేజీ పుట్టడానికీ) మూలం వెయిల్ బిందువులేనని 2016లో వెలువడిన పరిశోధన వివరించింది. ఎలక్ట్రాన్ల గుట్టు స్పిన్‌ల నోట వినిపించిన ఈ ఫలితం నాకు ఎంతో ఇష్టం.

పని మాత్రం ఓపికతో కూడినది. న్యూట్రాన్ పదార్థంతో చాలా బలహీనంగా స్పందిస్తుంది కనుక గ్రాముల లెక్కన స్ఫటికాలు కావాలి. ఒక్కటే పెద్దది దొరకకపోతే, చిన్న స్ఫటికాలను ఒక్కొక్కటిగా ఒకే దిశకు తిప్పి, న్యూట్రాన్లను పెద్దగా అడ్డుకోని పలుచని అల్యూమినియం రేకుపై అతికిస్తారు. ఒక్కటి వంకరగా కూర్చున్నా సంకేతం అలుక్కుపోతుంది.

ఈ కొలతలకు వాడే, చెదిరిన న్యూట్రాన్ల శక్తిలోనూ దిశలోనూ వచ్చే మార్పును కొలిచే త్రి-అక్ష వర్ణపటమాపకాన్ని రూపొందించిన బెర్ట్రమ్ బ్రాక్‌హౌస్‌కు 1994లో నోబెల్ వచ్చింది. ఆయన వద్ద కెనడాలో పనిచేసిన పి.కె. అయ్యంగార్ ముంబైలోని ట్రాంబేలో ఈ విద్యకు పునాది వేశారు. అక్కడి ధ్రువ రియాక్టర్ 1985లో మొదలైంది. దానిలోని న్యూట్రాన్ పరికరాలను విశ్వవిద్యాలయాల పరిశోధకులు వాడుకోవడానికి యూజీసీ, అణుశక్తి విభాగాల (డీఏఈ) ఉమ్మడి సంస్థ అయిన యూజీసీ-డీఏఈ కన్సార్షియం ముంబై కేంద్రం తోడ్పడుతూ వచ్చింది. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ముందుగా ఆ కేంద్రం వివరాలు తెలుసుకోండి.